ఉచిత వాద్యాల స్టాకు రిజిస్టరు

ఉత్తరాంధ్రలో ఒక జిల్లా కేంద్రంలో, పాత తాలూకా ఆఫీసు వెనకున్న మూడు గదుల్లో జనచైతన్య గీతాల కార్యాలయం నడిచేది. జనం చేతులు కడుక్కోవాలన్నా, పిల్లలకు టీకాలు వేయించాలన్నా, రైలు గేటు పడ్డాక దాని కింద నుంచి దూరకుండా ఉండాలన్నా ముందుగా వాళ్లకొక పాట వినిపించాలని పైవాళ్ల నమ్మకం. ఆ పాటలు తయారుచేయడమే ఈ కార్యాలయం పని. నాలుగేళ్లలో అక్కడ రెండు పాటలు తయారయ్యాయి. ఒకటి వడదెబ్బ గురించి. అది డిసెంబరులో విడుదలైంది.

ఆ ఆఫీసులో పరదేశి వాద్య సహాయకుడు. అంటే హార్మోనియం వాయిస్తాడు, రికార్డింగు చేస్తాడు, ఎలుకలు కొరికిన మైకు తీగలు అతుకుతాడు. నలభై ఏళ్ల సన్నటి మనిషి. ఎవరు మాట్లాడినా ముందు ఆ గొంతు ఏ శ్రుతిలో ఉందో వింటాడు, వాళ్లేమన్నారో తర్వాత వింటాడు. ఈ అలవాటు వల్ల అతనికి కాస్త మందమతని పేరొచ్చింది.

ఆఫీసు వాద్యాల సంగతి చెప్పుకోదగ్గది కాదు. హార్మోనియంలో మూడు మెట్లు పలకవు. తబలా జతలో ఒకటి రిపేరుకు వెళ్లి తిరిగి రాలేదు. సన్నాయి భేషుగ్గా ఉంది కానీ, దాన్ని వాయించే బంగారయ్య మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. పోస్టు లేదు కనుక సన్నాయిని బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇలా ఉండగా మే నెల నడిమధ్యలో ఉత్తర్వు వచ్చింది. వానలు పడేలోపు డెంగ్యూ మీద పాట కావాలి, ఆటోల మీద ఊరూరా తిప్పాలి.

పరదేశికి ఈ పాట మిగతా పాటల్లాంటిది కాదు. కిందటేడు వానల్లో అతని వీధిలో ఆరిళ్లలో డెంగ్యూ పడింది. అతని భార్య సన్యాసమ్మ పన్నెండు రోజులు పెద్దాసుపత్రిలో ఉంది. మంచాలు చాలక మొదటి మూడు రోజులు వరండాలోనే పడుకోబెట్టారు. ఇంటికొచ్చాక తెలిసింది, దోమలు పెరిగింది ఎక్కడో మురిక్కాలవలో కాదు, తమ పెరట్లో మూతలేని గోలెంలోనేనని.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పాత లాప్‌టాప్ ముందేసుకు కూర్చున్నాడు. పెళ్లిళ్లలో కీబోర్డు వాయించే స్నేహితుడొకడు ఎప్పుడో చెప్పాడు: సింథసైజర్ ప్లగిన్లని ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, రికార్డింగు సాఫ్ట్‌వేరుకు తగిలిస్తే కంప్యూటరే వాద్యమైపోతుంది, చాలావాటికి పైసా ఇవ్వక్కర్లేదని. పరదేశి నాలుగు దించాడు. మొదటిది తెరుచుకోలేదు. రెండోది తెరుచుకుంది గానీ లాప్‌టాప్ నిద్రపోయింది. మూడోదీ నాలుగోదీ తెరుచుకున్నాక మాత్రం అతను సాయంత్రం టీ కూడా అడగలేదు.

తెర నిండా పాత రేడియోకున్నట్టు నాబ్‌లు. పక్కన ధ్వనుల జాబితా, ఎంత కిందికి జరిపినా అయిపోదు. గంటలున్నాయి, పిల్లనగ్రోవులున్నాయి, రేకుల కప్పు మీద వానలాంటిది ఒకటుంది, ఎవరో నూతిలోకి వంగి రాగం తీసినట్టుండేది ఒకటుంది. ఇరవై ఏళ్లుగా మూడు మెట్లు పలకని హార్మోనియంతో కాపురం చేసినవాడికి ఇది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రంపం కోసినట్టుండే ఒక ధ్వనిని తీసుకుని ఒక నాబ్ తిప్పాడు. అందులోని లావంతా పోయి సన్నటి తీగ మిగిలింది. ఇంకో నాబ్ తిప్పితే ఆ తీగ వణికింది. దాన్ని కొంచెం పైకీ కిందికీ జార్చాడు.

గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న సన్యాసమ్మ ఫట్‌మని మెడ మీద కొట్టుకుంది.

"ఓలమ్మా! పట్టపగలే వచ్చీసినాయేటి మావా?"

"దోమ కాదే. నానే."

"నువ్వేటి?"

మళ్లీ మోగించాడు. తెలిసి కూడా ఆమె చెయ్యి మళ్లీ మెడ మీదికి వెళ్లింది. చింతపండు పక్కన పెట్టి అంది:

"ఇది పాటలో పెట్టు మావా. మాటలు ఇనకపోయినా దీనికి లెగుస్తారు జనం. గోలేల మీద మూతలెడతారు."

సోమవారం పొద్దున్నే పరదేశి ఆ రెండు ప్లగిన్లనూ ఆఫీసు కంప్యూటరులో ఎక్కించి ఉపసంచాలకులు సుందరశివరావుగారిని పిలిచాడు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. దోమ వచ్చినప్పుడు చెవి దగ్గర చెయ్యి ఆడించి, అది కంప్యూటరు పనేనని తెలిశాక లేచి నిలబడ్డారు.

"పరదేశీ, ఇది సాంకేతిక విప్లవం. ఇది మన కార్యాలయంలో సంభవించింది. కనుక నా హయాంలో సంభవించింది. మొత్తం ఎన్ని వాద్యాలున్నాయి ఇందులో?"

"వాద్యాలని కాదండీ. ధ్వనులు. రెండిట్లోనూ కలిపి పదకొండు వందల నలభై ఆరు."

"ధ్వని చేసేది వాద్యం కాకపోతే మరేమిటయ్యా?"

ఈ ప్రశ్నకు సంగీతం చదివినవాళ్లు కూడా తల గోక్కోవాల్సిందే. గంటలోపు పై ఆఫీసుకు ఉత్తరం వెళ్లింది: 'ఈ కార్యాలయమునకు నూతనముగా 1146 వాద్యములు సమకూరినవని తెలియజేయుటకు మిక్కిలి సంతోషించుచున్నాము.'

ఉత్తరం నకలు సూపరింటెండెంటు లలితాంబగారి బల్ల మీదికి చేరింది. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఒక్క ఆక్షేపణ కూడా పడని మనిషి. ఆమె రిజిస్టరు తెరిచి, స్కేలు పెట్టి గీతలు గీసి, పరదేశిని పిలిచారు.

"ఇవి ఎవరి దగ్గర్నుంచి వచ్చాయి?"

"ఎవరో దేశంకాని దేశంలో తయారుచేసి ఉచితంగా పెట్టినారమ్మా. ఎవరైనా తీసుకోవచ్చు."

"వాళ్ల పేరు, చిరునామా?"

"తెలీదమ్మా."

"ఎవరిదో తెలియని వస్తువు మన దగ్గరికొస్తే దాన్ని దొరికిన సొత్తు అంటారు. ముందుగా నోటీసు పెట్టాలి. పదిహేను రోజుల్లో ఎవరూ రాకపోతే అప్పుడు స్టాకులోకి."

"అమ్మా, వానలు పడేలోపు పాట..."

"పాట ఆగుతుంది, పరదేశీ. రూలు ఆగదు."

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం కనిపించింది: 'ఈ కార్యాలయ ఆవరణలో 1146 వాద్యములు లభించినవి. పోగొట్టుకున్నవారు ఆనవాళ్లు చెప్పి తీసుకుపోవలెను.' పదిహేను రోజుల్లో నలుగురు వచ్చారు. ముగ్గురు బ్యాండు మేళం వాళ్లు. నాలుగో ఆయన భజన మండలి కార్యదర్శి. తాళాలు పోయి పదేళ్లైందని, పోయిన రోజు కట్టుకున్న పంచె రంగుతో సహా వివరంగా చెప్పాడు. లలితాంబగారు అందరి దగ్గరా అర్జీలు తీసుకుని, అందరికీ తిరస్కార పత్రాలు ఇచ్చారు. ఆ పదిహేను రోజులూ కంప్యూటరు ముట్టుకోకూడదని దాని మీద దుప్పటి కప్పారు.

దుప్పటి తీసిన రోజున రాజధాని నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. స్టాకులో వాద్యాల పేర్లన్నీ తెలుగులోనే ఉండాలి. సుందరశివరావుగారు భాషాభిమాని. ఆ పని స్వయంగా పెట్టుకున్నారు. తలుపులు వేసుకుని వారం రోజులు అనువదించారు. ఇంగ్లీషులో లావైన మంద్రధ్వని అని అర్థం వచ్చే పేరొకటుంది. దాన్ని 'స్థూలకాయ గంభీరము' అన్నారు. కింద పరుపులా పరుచుకునే మెత్తటి ధ్వనులు కొన్నుంటాయి. వాటికి 'వెచ్చని పరుపు', 'తడిసిన పరుపు', 'అంతరిక్ష పరుపు' అని పేర్లు పెట్టారు. ఇక్కడిదాకా చిక్కులేదు. నాలుగు వందల పన్నెండో నెంబరు దగ్గర పడింది పీటముడి. దాని అసలు పేరు 'డర్టీ లీడ్', అంటే ముందుండి రాగం నడిపే గరగర ధ్వని. ఆయన 'మురికి నాయకుడు' అని రాశారు. లలితాంబగారు శుద్ధప్రతి రాస్తూ అక్కడ ఆగిపోయి, కాగితం పట్టుకుని పరుగున వచ్చారు.

"సార్, ఇది పైకి వెళ్తే మన ఉద్యోగాలుంటాయా?"

సుందరశివరావుగారు గబగబా కాగితం అందుకున్నారు. 'స్వచ్ఛ నాయకుడు' అని దిద్దారు. మిగతా నాయకులు స్వచ్ఛం కాదా అని ఎవరైనా అడిగితే? అదీ కొట్టేశారు. చివరికి 'నాయకుడు (వివరములు తర్వాత)' అని రాసి, విచారణ తేలేవరకు ఆ వాద్యాన్ని ఎవరూ వాయించరాదని మెమో ఇచ్చారు. పరదేశి మెమో తీసుకుని సంతకం పెట్టాడు. కిటికీలోంచి చూస్తే పడమటి కొండల మీద మబ్బు పట్టింది.

"సార్, ఇకనైనా మొదలెడతానండీ. రెండ్రోజులు చాలు."

"ఆగవయ్యా. స్టాకు నెంబర్లు పడలేదుగా."

స్టాకులో చేరిన ప్రతి వాద్యం మీదా తెల్లరంగుతో నెంబరు రాయాలని నిబంధన. హార్మోనియం మీద ఉంది, బీరువాలో సన్నాయి మీద కూడా ఉంది. అందుకని పిలిపించిన పెయింటరు ఈ వాద్యాలెక్కడున్నాయని అడిగాడు. కంప్యూటరులో ఉన్నాయని లలితాంబగారు చూపించారు. అతను మంచి పనివాడు. సన్నటి కుంచెతో ముత్యాల్లాంటి అంకెలు వేశాడు. ఏడు వందల దాకా పెట్టె మీదా, కీబోర్డు మీదా, మౌసు పొట్ట కిందా సర్దాడు. మిగతావి తెర మీద రాశాడు. సాయంత్రానికి పదకొండు వందల నలభై ఆరూ పూర్తయ్యాయి. తెర వెనక ఏముందో ఇక భగవంతుడికే కనిపించాలి.

పరదేశి ఆ తెల్లటి తెర ముందు కూర్చున్నాడు. గోటితో ఒక అంకె గీకబోతే లలితాంబగారు కేకేశారు: "స్టాకు నెంబరు చెరపడం నేరం!"

అదే వారంలో పై నుంచి తనిఖీ అధికారి వామనమూర్తిగారు దిగారు. పొట్టి మనిషి. ఏ వస్తువునైనా తాకి చూస్తేగాని నమ్మరు. మూడు గదులూ తిరిగారు, బీరువా కింద టార్చి వేసి చూశారు.

"పదకొండు వందల నలభై ఆరు వాద్యాలు రాశారు. నాకు మూడే కనిపిస్తున్నాయి. మిగతావి ఏవి?"

"కంప్యూటరులో ఉన్నాయండీ," అన్నాడు పరదేశి.

"చూపించు."

"చూపించడానికి తెర కనిపించదండీ. నెంబర్లు పడ్డాయి."

వామనమూర్తిగారు మెకానిక్కును పిలిపించి కంప్యూటరు పెట్టె విప్పించారు. లోపల ఫ్యానుంది, తీగలున్నాయి, ఒక బల్లి ఉంది. ఆయన చెయ్యి పెట్టి నలుమూలలా తడిమి, చేతులు కడుక్కుని రిపోర్టు రాశారు: 'పెట్టెను విప్పి చూడగా అందు వాద్యములేవియు లభించలేదు. నెంబర్లు మాత్రము ఉన్నవి.'

మర్నాడు పరదేశికి కాగితం అందింది. 'మీ అధీనములో ఉండగా 1146 వాద్యములు అదృశ్యమైనందున మిమ్ములను తక్షణము సస్పెండు చేయడమైనది. విచారణ ముగియువరకు మీరు ఊరు విడిచి వెళ్లరాదు. కార్యాలయములో ఏ పనియు చేయరాదు.' ఆ చివరి షరతు పరదేశికి కొత్తగా ఏమీ అనిపించలేదు. అయినా సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతూ ఆ కాగితాన్ని మళ్లీ తీసి చదివాడు. దొంగతనం మోపినట్టే కదా. ఇల్లు చేరేసరికి తొలకరి మొదలైంది.

సన్యాసమ్మ కాగితం చదివించుకుని విన్నది. ఏడుస్తుందేమోనని అతను ఎదురుచూశాడు. ఆమె పెరట్లోకెళ్లి గోలెం మీద మూత సరిచేసి వచ్చింది.

"ఇన్నాళ్లూ ఆపీసుకెల్లి ఏటి సేసినావు మావా? నెలన్నరై పాట పాటని తిరుగుతన్నావు, ఒక్క ముక్కైనా అయినాదా? ఇప్పుడు పిలిసీవోడు లేడు, అడిగీవోడు లేడు. ఆ లాప్‌టాపు తియ్యి. నాలాగ ఇంకెవులూ ఆ వరండాల పడుకోకూడదు."

ఆ మాట అతనికి నేరుగా అర్థమైంది. ఏ శ్రుతిలో ఉందో వినలేదు.

పరామర్శకని ఆ మధ్యాహ్నమే గొడుగేసుకుని బంగారయ్య మాస్టారు వచ్చారు. పరదేశి ఆయనకు ప్లగిన్‌లో ఉన్న సన్నాయి వినిపించాడు. మాస్టారు తల వంచి విన్నారు.

"సన్నాయేరా, కాదనను. నాకంటే శ్రుతిగా ఉంది. కానీ ఇదేట్రా, ఎక్కడా ఊపిరి తియ్యదు? మనిషన్నోడు మధ్యలో ఆగాలి గదా. ఆ ఆగిన కాడే గదా ఇనీవోడికి పాట ఒంటబడతాది."

"మరి మీరే వాయించండి మాస్టారూ."

"నాకు పోస్టు లేదుగా?"

"నాకూ లేదు గదండీ ఇప్పుడు."

మాస్టారు గొడుగు మళ్లీ తీసుకుని, ఇంటికెళ్లి, సొంత సన్నాయి పట్టుకొచ్చారు. పరదేశి ప్లగిన్లలోంచి రేకుల మీద వాననూ ఒక డప్పునూ తీసుకున్నాడు, స్థూలకాయ గంభీరాన్ని డప్పు కింద పరిచాడు, దోమను ఎడమ చెవిలో పుట్టించి కుడి చెవిలోకి నడిపించాడు. నిషేధంలో ఉన్న ఆ నాయకుణ్ని కూడా ఒకచోట వాడాడు, చాలా బాగా మోగాడు. పాడింది సన్యాసమ్మ. ఆమె ఎప్పుడూ మైకు ముందు పాడలేదు. ఊడ్పుల్లో పాడే గొంతు, గదిలో పట్టలేదు. దుప్పటి కప్పి, ఇంటి ఆడపిల్లను గుంటా అని పిలుస్తున్నట్టు పాడించారు.

గోలెంలోన నీలున్నాయే గుంటా, గుంటా,
మూతేదే గుంటా!
మూతలేని ఇంటికొచ్చి పురుడోసుకుంటాది,
దోమ సుట్టమే గుంటా!

నాలుగు రోజుల్లో పాట పూర్తయింది. వీధి చివర ఆటో సూరిబాబు తన స్పీకర్లో వేసుకున్నాడు. ప్రయాణికుల్ని ఎక్కించుకోవడానికి వేశాడో, దింపడానికి వేశాడో తెలియదు గానీ, దోమ వచ్చినప్పుడల్లా ఆటోలో అందరూ ఒక్కసారే మెడ మీద కొట్టుకునేవారు. అది చూడ్డానికే పిల్లలు ఆటో వెంట పరిగెత్తారు. ఆశా కార్యకర్తలు ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. సంతల్లో మోగింది, ఏజెన్సీ ఊళ్లకు ఎక్కింది. ఆడవాళ్లు పాట నోట్లో ఉండగానే పెరట్లోకెళ్లి పాత టైర్లు బోర్లించారు, కొబ్బరి చిప్పలు ఏరేశారు. ఆ ఏడు వానలు గట్టిగానే కురిశాయి. పరదేశి వీధిలో ఒక్క జ్వరం పడింది. అదీ మామూలు జ్వరమే.

పాట ప్రభుత్వానిదేననుకుని జిల్లా వైద్యాధికారి జనచైతన్య గీతాల కార్యాలయాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. సుందరశివరావుగారు దానికి చట్రం కట్టించి గోడకు తగిలించారు. తగిలిస్తుండగా లలితాంబగారు నెమ్మదిగా అన్నారు:

"సార్, ఆ పాటలో ఉన్నవి మన స్టాకు వాద్యాలు."

సుందరశివరావుగారు సుత్తి కింద పెట్టి పై ఆఫీసుకు ఆ సంగతి రాశారు.

వామనమూర్తిగారు మళ్లీ దిగారు. పరదేశిని పిలిపించారు. పాట పెట్టి, రిజిస్టరు ముందేసుకుని, ఒక్కొక్క ధ్వనినీ గుర్తుపట్టి పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయారు. సన్నాయి దగ్గర మాత్రం ఆగారు.

"ఇది ఏ నెంబరు?"

"దానికి నెంబరు లేదండీ. అది బంగారయ్య మాస్టారు."

ఆయన అక్కడ అడ్డగీత గీసి ముందుకు సాగారు.

"అంటే వాద్యాలు మీ దగ్గరే ఉన్నాయన్నమాట. వెంటనే అప్పగించండి. అన్నీ."

పరదేశి ఇంటికి వెళ్లి, రెండు ప్లగిన్లనూ పెన్‌డ్రైవులో ఎక్కించి తెచ్చి బల్ల మీద పెట్టాడు. వామనమూర్తిగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. చేతికి తగిలింది. ఆయన ముఖంలో మొదటిసారిగా నమ్మకం కనిపించింది. 'అదృశ్యమైన వాద్యములు 1146ను నిందితుడు మంచి స్థితిలో అప్పగించెను' అని రాసి రసీదు ఇచ్చారు. పెన్‌డ్రైవును గుడ్డలో చుట్టి, లక్కతో సీలు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. పోయిన సొత్తు దొరికింది కనుక కేసు కొట్టేశారు. పరదేశిని విధుల్లోకి తీసుకున్నారు.

విధుల్లో చేరిన మొదటి ఉదయం. వానలు తగ్గుముఖం పట్టాయి. సుందరశివరావుగారు చట్రం కట్టిన ఉత్తరం కింద కూర్చుని, పరదేశికి ఇంకో కాగితం అందించారు. నిండు ఉత్సాహంలో ఉన్నారు.

"కొత్త ఉత్తర్వు వచ్చిందయ్యా. పాముకాటు మీద పాట. పాము కరిచినవాణ్ని మంత్రాలకు తీసుకుపోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అదీ విషయం. కోతలు మొదలయ్యేలోపు కావాలి. మొన్నటి పాటలాగే ఉండాలి. ఏమంటావ్?"

పరదేశి కాగితం చదివాడు. బీరువా వైపు చూశాడు. సీలు చెక్కుచెదరలేదు. పక్క గదిలో లలితాంబగారు కొత్త రిజిస్టరుకు గీతలు గీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అతను కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎంతో మర్యాదగా, ఏ మాత్రం వెటకారం లేకుండా అడిగాడు:

"తప్పకుండా సేస్తానండీ. కాకపోతే నన్ను మళ్లీ సస్పెండు సెయ్యాలండి."

సుందరశివరావుగారు నవ్వలేదు, కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో తన ముందుకొచ్చిన ప్రతిపాదనలన్నింటిలోకీ ఇదొక్కటే ఆచరణయోగ్యంగా ఉందని ఆయనకు తోచింది. కలం మూత తీసి, తెల్లకాగితం దగ్గరికి లాక్కున్నారు.

"ఎన్ని రోజులు కావాలోయ్?"